మేనత్త చెప్పిన పేరు

పోయిన నెల మా మనుమరాలికి కరీంనగర్‌లో కాన్పయింది. అంటే నాకు మునిమనుమరాలు పుట్టిందన్నమాట. ఈ మాట రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, నిన్నగాక మొన్నే కదా నేను కొంగు నడుముకు చుట్టుకొని నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడింది. మర్నాడు పొద్దున ఒక నర్సమ్మ అరచేతిలో పట్టేంత మిషన్ ఒకటి పట్టుకొని వచ్చి, నిద్రపోతున్న పిల్ల చెవిలో సన్నని గొట్టం పెట్టి, కాసేపు దాని వైపే చూసి, రెండో చెవిలో కూడా పెట్టి, "చెవులు మంచిగున్నయమ్మా" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. మనుమరాలు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. దాని తల్లి, అంటే నా బిడ్డ, ఫ్లాస్కులోంచి పాలు వంపుతూ ఉంది. నేను మాత్రం గోడకు చేయి ఆనించుకొని స్టూలు మీద కూలబడ్డాను. "ఏందమ్మా, బీపీ గోళి ఏసుకోలేదా?" అని నా బిడ్డ కోప్పడింది. అవునే, మర్చిపోయానని అబద్ధం చెప్పాను. ఆ కాసేపటి పని ఆ రోజుల్లో లేక నేను ఎన్ని రాత్రులు దిండు తడుపుకున్నానో, అదీ తన చెవుల కోసమేనని, ఫ్లాస్కు పట్టుకొని నిలబడ్డ మనిషికి ఎట్లా చెప్పను?

నేను పెళ్లయి గోదావరిఖనికి వచ్చినప్పుడు మాకు బొగ్గుగనుల కంపెనీ ఇచ్చిన క్వార్టర్ రెండు గదులది. ముందు చిన్న అరుగు, వెనక బొగ్గుల పొయ్యికి, బట్టలుతికే బండకు చాలినంత పెరడు. ఆ తరం వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు, పొద్దున ఊడ్చిన ఇల్లు పన్నెండింటికల్లా మళ్లీ నల్లగా అయ్యేది, తీగ మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎవరిదో అన్నట్టు ఉండేది. ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా ఇంటాయన, ఆయన అక్క. ఆమె నాకు వదినె. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. ఆయన చిన్నతనంలోనే మా అత్తమ్మ పోతే తమ్ముణ్ని చంకనేసుకొని పెంచింది ఆమే. ఆమెకు పెళ్లి కాలేదు. అడిగినవాళ్లు లేరు, తమ్ముడిని విడిచి వెళ్లాలని ఆమెకూ లేకుండె.

కాపురానికి వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం వంటపాత్రలు తోముతుంటే సైరన్ మోగింది. షిఫ్టు సైరన్ అనుకొని నేను పట్టించుకోలేదు. ఆ తరువాత కాళ్ల కింది నేల ఒక్కసారి లేచి పడ్డట్టయి, గూట్లో గ్లాసులన్నీ గలగలలాడి, కిటికీ రెక్క దానంతటదే కొట్టుకుంది. నేను తోముతున్న గిన్నె అక్కడే పారేసి మంచం కిందికి దూరాను. ఓపెన్ కాస్ట్ గనిలో బండలు పేల్చడానికి రోజూ ఆ వేళకే బ్లాస్టింగ్ పెడతారని నాకెవరు చెప్పారు గనుక? వదినె వంగి మంచం కిందికి చూసి, పొట్ట పట్టుకొని నవ్వి, నా చేయి పట్టి బయటికి లాగి, నా అరచేతిని నేల మీద ఆనించి చూపించింది. నేల ఇంకా సన్నగా వణుకుతోంది. ఆమెకు ఆ చప్పుడు తెలిసేది అట్లాగే, అరికాళ్లతో. సైరన్ వినపడదు కాబట్టి అది మోగగానే ఎదురు క్వార్టర్ల లైనులోని వేపచెట్టు మీదినుంచి లేచిపోయే కాకులను చూసి, ఇక పెడతారని తెలుసుకునేది. ఆమెతో మాట్లాడడం నేర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. అన్నం, నీళ్లు, డ్యూటీ, దవాఖాన, పండుగ, అన్నిటికీ మా ఇంట్లో సైగలుండేవి. కోపానికైతే సైగ కూడా అవసరం లేదు, ఇద్దరం ముఖాలు అటు తిప్పుకొని కూర్చునేవాళ్లం, మా ఇంటాయన షిఫ్టు నుంచి వచ్చి మధ్యలో కూర్చొని నవ్వితే రాజీ అయ్యేది.

మా లైనులో ఆడవాళ్లందరూ తొలి కాన్పుకు ఏడో నెలలో తల్లిగారింటికి వెళ్లిపోయేవారు. కని, మూడో నెల వచ్చాక, పిల్లను బొంతలో చుట్టుకొని, అటుకుల మూటలతో తిరిగి వచ్చేవారు. నాకు తల్లి లేదు. నాన్న మా అన్న దగ్గర ఉండేవాడు, అక్కడ అన్న భార్యకే ఇద్దరు చంటిపిల్లలు. అందుకని నేను కదలలేదు, తొమ్మిది నెలలూ ఆ క్వార్టర్‌లోనే మోశాను. లైనంతా నన్ను చూసి జాలిపడేది, తల్లి లేని పిల్ల అని. నేను మాత్రం ఆ రోజుల్లో తల్లి లేని లోటు ఎరుగను. వేవిళ్లప్పుడు నాకు అన్నం వాసన గిట్టేది కాదు గానీ, మండే బొగ్గుల మీద నీళ్లు చల్లినప్పుడు వచ్చే ఆవిరి వాసన పీలుస్తూ ఎంతసేపైనా కూర్చునేదాన్ని. వదినె అది కనిపెట్టి, వంటయ్యాక రోజూ పొయ్యి దగ్గర పీట వేసి నన్ను కూర్చోబెట్టి, గుప్పెడు నీళ్లు చల్లేది. పక్క క్వార్టర్‌లో ఉండే అవ్వ అది చూసి, "బొగ్గుబాయోని బిడ్డ గదా, పుట్టకముందే డ్యూటీకి దిగింది" అని ఎగతాళి చేసేది. ఆ అవ్వ భర్త పాత కార్మికుడు, లైనులో ఏ పిల్లకైనా స్నానం పోసేది ఆమే, చేయి మంచిది, నోరు మాత్రం ఆగదు. నీళ్ల బిందె నేను ముట్టుకుంటే వదినె నా చేతి మీద ఒక్కటేసేది. రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు మా ఇంటాయన బాయికి పోయాక, ఆమె నా పక్కన చాప మీద పడుకొని, నేను లేస్తే తెలియడానికి నా కొంగు చివర ఆమె మణికట్టుకు కట్టుకునేది.

కంపెనీ దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు నుంచి మా ఇల్లు మా ఇల్లు కాకుండా పోయింది, అంతా దాని రాజ్యం. పొద్దున అవ్వ వచ్చి కాళ్లు చాపి కూర్చొని, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకొని నూనె మర్దన చేసి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వస కొమ్ము గంధపుసాన మీద ఒక్క తిప్పు తిప్పి నాలుకకు రాసేది, మాట తొందరగా వస్తుందని. నాకు వెల్లుల్లి కారం, వేడి అన్నం, తలకు గుడ్డ. పక్కబట్టలన్నీ వదినె లోపలి గదిలోనే తాడు కట్టి ఆరేసేది, బయట ఆరేస్తే బొగ్గుపొడి పడుతుందని. తడిబట్టల వాసన, సాంబ్రాణి వాసన, పాల వాసన కలిసి ఆ గదిలో ఒక వాసన ఉండేది, ఇప్పుడు తలచుకుంటే ముక్కుకు తగులుతుంది. మధ్యాహ్నం కాకులు లేవగానే వదినె ఏ పని మీద ఉన్నా చేతులు తుడుచుకొని వచ్చి తొట్టెల దగ్గర కూర్చొని, అరచేయి పిల్ల రొమ్ము మీద పెట్టేది. బ్లాస్టింగ్ అయ్యాక, నేల వణుకు ఆగాక, తీసేది. లైనులో మిగతా పిల్లలు ఆ చప్పుడుకు చేతులు రెండూ గాలిలోకి విసిరి కీచుమని ఏడ్చేవారు. మాది నిద్రపోయేది. అదంతా వదినె చేయి మహిమే అనుకొని నేను లోపల్లోపల గర్వపడేదాన్ని.

తొట్టెలలో వేసిన రోజున పిల్ల చెవిలో పేరు చెప్పవలసింది మేనత్త. మా దగ్గర అది ఆమె హక్కు. వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు, మూగమనిషి పేరు ఎట్లా చెబుతుందని. నిజానికి ఆమే వెనక గదిలోకి వెళ్లి నిలబడింది. మా ఇంటాయన వెళ్లి చేయి పట్టుకొని తీసుకొచ్చి, "మా అక్కనే చెప్తది" అన్నాడు, ఆయన గొంతు పెద్దగా లేవడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆమె కొత్త చీర కొంగు తల మీదికి లాక్కొని వంగి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు లోతులోంచి ఊ అని ఒక శబ్దం చేసింది. అది పేరు కాదు, పాట కాదు, చాలాసేపు సాగింది. తరువాత అవ్వ మేం అనుకున్న పేరు పైకి చెప్పింది, బెల్లం పంచారు, వదినె ముఖం ఆ రోజంతా వెలిగిపోతూనే ఉంది.

అది అయిన కొన్ని రోజులకు నల్లా రాక, లైనులోకి నీళ్ల ట్యాంకర్ వచ్చింది. వదినె బిందెలు తీసుకొని వెళ్లింది. నేను తొట్టెల పక్కన కూర్చొని పిల్ల గుడ్డలు మడుస్తున్నాను. సైరన్ మోగింది, ఆమె రాలేదు. నేను చేయి పెట్టాలన్న ధ్యాస తెచ్చుకునేలోగానే నేల అదిరి, గూట్లోంచి ఇత్తడి చెంబు కింద పడి దొర్లింది. పిల్ల కనురెప్ప కూడా కదపలేదు, నిద్రలో పాలు తాగుతున్నట్టు పెదవులు ఆడిస్తూ ఉంది. ఎంత ధైర్యం నా తల్లికి అని మురిసిపోయాను. అంతలో గోడ అవతల, రెండో పక్క క్వార్టర్ ఆమె తల్లిగారింటినుంచి ఆ వారమే తీసుకొచ్చిన పిల్లవాడు కేర్‌మన్నాడు. నా చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. నేను లేచి చెంబు తీసి, తొట్టెల పక్కనే మళ్లీ గట్టిగా నేలకేసి కొట్టాను. పిల్ల నిద్రపోతూనే ఉంది.

ఆ తరువాతి రోజులు నాకు బాగా గుర్తున్నాయి, మరిచిపోదామన్నా పోవు. పళ్లెం మీద గరిటెతో కొట్టేదాన్ని, ఒకసారి రెప్ప వేసినట్టే ఉండేది, ఒకసారి ఏమీ లేదు. చప్పట్లు కొడితే నా చేతుల గాలికి కదిలిందో, చప్పుడుకు కదిలిందో తెలిసేది కాదు. దవాఖానలో డాక్టరు పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత చిన్నపిల్లకు ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఆరు నెలలు దాటాక తీసుకురండి అన్నాడు. ఆరు నెలలు అని ఆయన తేలికగా అన్నాడు. మేనత్త పోలికే వచ్చిందా అన్న మాట నా లోపల కూర్చుంది. వదినెను నేను ప్రాణంగా చూసుకున్నదాన్నే, అయినా నా బిడ్డ ఆమెలా బతకాలంటే నా గుండె ఒప్పుకోలేదు. పెళ్లి ఇళ్లలో ఆమెను చూసి పిల్లలు వెక్కిరించడం నేను చూశాను, రైల్వే గేటు దగ్గర వెనకనుంచి లారీ హారన్ కొడుతుంటే ఆమె మెల్లగా నడుస్తూ ఉండడం చూశాను. మా ఇంటాయనకు చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. విని, "మా అక్క బత్కుతలేదా? నన్ను సాదింది గూడ ఆమెనే గదా. గిది గూడ బత్కుతది, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. అని, ముందున్న కంచం అట్లాగే వదిలి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

ఇదంతా ఒక ఎత్తు, తరువాత జరిగింది ఒక ఎత్తు. ఒకరోజు, అప్పటికి సంగతి పసిగట్టిన అవ్వ పిల్లకు స్నానం పోసి, ఎప్పటికన్నా ఎక్కువగా వస అరగదీస్తూ, మనసులో మాట ఆపుకోలేక, "గా దినం మూగది చెవుల ఊదింది. గందుకే పిల్లకు గిట్లయిందేమో" అనేసింది. అంటూ అలవాటుగా చేతులు తిప్పింది, చెవి చూపించింది, వదినె వైపు గడ్డం ఎత్తింది. వదినె నీళ్ల గంగాళం దగ్గర మా ఎదురుగానే ఉంది. మాట వినపడని మనిషికి మన చేతులూ ముఖాలే మాటలని మాకు తెలియదా? ఆమె చేతిలో చెంబు నెమ్మదిగా గంగాళంలో పెట్టి పెరట్లోకి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆమె పిల్లను ముట్టుకోలేదు.

పనులన్నీ చేసేది. ఉతికేది, కాచేది, నాకు కారమన్నం కలిపి పెట్టేది. పిల్ల ఏడిస్తే వచ్చి నా భుజం తట్టి చూపించేది తప్ప ఎత్తుకునేది కాదు. మధ్యాహ్నం కాకులు లేచేసరికి పెరటి గోడ వైపు తిరిగి, రెండు చేతులూ కొంగులో చుట్టుకొని కూర్చునేది. నేనొకసారి చేయి పట్టి లాగాను, ఆమె విడిపించుకొని తన నోరు చూపించి, పిల్ల చెవి చూపించి, తల అడ్డంగా ఊపింది. నా దగ్గర అన్నిటికీ సైగలున్నాయన్నాను కదా, నీ వల్ల కాదు అని చెప్పడానికి మాత్రం మా ఇంట్లో సైగ లేదు. ఉన్నా, నాకే నమ్మకం చాలని మాట ఆమెను ఎట్లా నమ్మించేదాన్ని? అవ్వ మీద కోపంతో రెండు రోజులు పిల్లకు నేనే స్నానం పోసుకున్నాను, సబ్బు కళ్లలోకి పోయి అది గుక్కపట్టి ఏడిస్తే సిగ్గు విడిచి మళ్లీ అవ్వనే పిలిచాను.

అంతలో సమ్మె వచ్చింది. ఎందుకొచ్చిందో, ఎవరు గెలిచారో మగవాళ్లను అడగండి, నాకు గుర్తున్నది ఆ నిశ్శబ్దం. సైరన్ లేదు, బొగ్గు మోసే బెల్టు చప్పుడు లేదు, బొగ్గు రైలు కూత లేదు, బ్లాస్టింగ్ లేదు. వేపచెట్టు మీది కాకులు మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చునేవి. తీగ మీద బట్టలు తెల్లగా ఆరేవి. మగవాళ్లు అరుగుల మీద చేరి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మా పిల్ల మాత్రం ఆ రోజుల్లోనే సరిగా నిద్రపోవడం మానేసింది. తొట్టెలలో వేస్తే కళ్లు తెరుచుకొని చూసేది, మాటిమాటికీ చిరాకుపడేది. వాయువు పట్టిందేమోనని వాము నీళ్లు పట్టించాను. ఇంటి చింతకు ఇదొకటి తోడైందనుకున్నాను తప్ప ఇంకేమీ తోచలేదు.

సమ్మె చాలా రోజులు సాగి, చివరికి విరమించారు. మా ఇంటాయన మొదటి షిఫ్టుకు వెళ్లాడు. మధ్యాహ్నం నేను పిల్లకు పాలిచ్చి అప్పుడే తొట్టెలలో వేశాను, నిద్ర పట్టీ పట్టనట్టుంది. మరిచిపోయిన చుట్టం వచ్చినట్టు సైరన్ మోగింది. పెరటి గుమ్మంలోంచి చూస్తే వదినె కాకులను చూసి గోడ వైపు తిరుగుతోంది. నేల అదిరింది. తొట్టెలలో నా బిడ్డ రెండు చేతులూ గాలిలోకి విసిరి, ముఖమంతా ఎర్రబడి, ఊపిరి బిగబట్టి, కేర్‌మని ఏడ్చింది. లైనులో ఏ పిల్లా అంత గట్టిగా ఏడ్చి ఉండదు. నేను దాన్ని ఎత్తుకోలేదు. తొట్టెల తాడు పట్టుకొని నిలబడి నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఇంకా ఏడువు తల్లీ అంటున్నాను. పిచ్చిదనుకోరా ఎవరైనా చూస్తే?

అవ్వ ఆ ఏడుపు విని పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి, పిల్లను చూసి, నడుం మీద చేయి పెట్టుకొని కాసేపు ఆలోచించి, "కడుపుల ఉన్నప్పటి సంది ఇంటనే ఉన్నది గదనే, గందుకే భయపడలే. మిగిలిన పోరలు తల్లిగారింట్ల పుట్టిరి, ఆళ్లకు కొత్త. నడుమల సప్పుడు బందయ్యె, గిప్పుడు దీనికీ కొత్తయింది. మనమే పిస్సోళ్లం" అంది. అవును, మేం పోల్చి చూసుకున్నదంతా పల్లెలనుంచి వచ్చిన పిల్లలతోనే. రోజూ మధ్యాహ్నం నా కడుపులో ఉండి ఆ చప్పుడు విని విని పుట్టిన పిల్ల మా లైనులో అదొక్కటే.

వదినె గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకు మా మాటలు వినపడవు, పిల్ల ఏడుపూ వినపడదు. వణికిన నేల తెలుసు, తెరుచుకున్న ఆ చిన్న నోరు కనిపిస్తోంది, గాలిలో ఇంకా బిగుసుకొని ఉన్న పిడికిళ్లు కనిపిస్తున్నాయి. ఆమె తన చెవి ముట్టుకొని, పిల్ల వైపు చూపించి, నన్ను అడిగింది. నేను తల ఊపాను, ఆగకుండా ఊపాను. అవ్వ వెళ్లి ఆమె గడ్డం పట్టుకొని "నోరు జారిన బిడ్డా" అంది, వినపడదని తెలిసీ అంది. నేను ఆమె చేతులు కొంగులోంచి బయటికి తీసి, కుడి అరచేయి పిల్ల రొమ్ము మీద పెట్టాను. అప్పుడు ఆమె వంగి, ఎవరేమనుకుంటారో చూడకుండా, దాని చెవిలో మళ్లీ ఊ అంది. పిల్ల ఏడుపు ఆపి, తల ఆ వైపు తిప్పింది.

నా బిడ్డకు జన్మపత్రికలో రాసిన పేరు ఒకటి, బడిలో పేరు అదే, అల్లుడు పిలిచేదీ అదే. కానీ వదినె ఉన్నన్నాళ్లు, పెరట్లోంచి ఆ ఊ వినపడితే అది చేతిలో పని వదిలి పరుగెత్తేది. పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయ్యాక కూడా పరుగెత్తింది. వదినె పోయి చాలా కాలమైంది, మా ఇంటాయనా లేడు. మా లైను ఉన్నచోట ఇప్పుడు ఓపెన్ కాస్ట్ గొయ్యి, వేపచెట్టు ఎక్కడుండేదో చెప్పమంటే నేనే చెప్పలేను.

మొన్న ఆదివారం మునిమనుమరాలి తొట్టెల ఫంక్షన్ హాల్లో చేశారు. పేరు థర్మకోల్ అక్షరాలతో గోడకు అంటించారు, మైకులో చెప్పారు, బెలూన్లు పగలగొట్టారు. ప్రతి చప్పుడుకూ పిల్ల ఉలిక్కిపడుతుంటే అందరూ నవ్వుతూ వీడియో తీసుకున్నారు. దాని మేనత్త మంచి పిల్లే, పోజులిచ్చి తొట్టెల ఊపింది, చెవిలో చెప్పాలని ఆమెకెవరూ చెప్పినట్టు లేదు. నేనూ పిలిచి చెప్పలేదు, కాలం మారింది, మన మాట ఎక్కడ పడుతుంది. కానీ అందరూ భోజనాలకు వెళ్లాక నేను తొట్టెల దగ్గరికి వెళ్లి, అరచేయి దాని రొమ్ము మీద పెట్టి, వంగి, చెవిలో, గొంతు లోతులోంచి సాగదీసి ఊ అన్నాను. వదినె గొంతులో ఉన్నంత లోతు నాకు రాలేదు. అయినా కొంచెం దగ్గరగానే వచ్చి ఉండాలి, ఎందుకంటే హాలు ఆ చివర వడ్డించుకుంటున్న నా బిడ్డ, తలలో తెల్లవెంట్రుకలు వచ్చిన నా బిడ్డ, చేతిలో పళ్లెం టేబుల్ మీద పెట్టేసి, గబగబా నా వైపు నడిచి వస్తోంది.